అంచెల డేటా, అవుట్‌లైన్ వ్యూ: బైండింగ్ చర్చ ఎక్కడిదాకా వచ్చింది

అవుట్‌లైన్ వ్యూ అంటే డెస్క్‌టాప్ తెర మీద అంచెలంచెలుగా విప్పుకుంటూ పోయే పట్టిక. ఒక వరుస పక్కనున్న చిన్న త్రికోణాన్ని నొక్కితే దాని కిందివి కాస్త కుడికి జరిగి కనిపిస్తాయి. మళ్లీ నొక్కితే ముడుచుకుంటాయి. ఫోల్డర్లు, ఈమెయిల్ పెట్టెలు, ఖాతాల పద్దులు, యంత్రాల విడిభాగాల జాబితాలు అన్నీ దశాబ్దాలుగా ఈ రూపంలోనే కనిపిస్తున్నాయి. వాడేవారికి ఇందులో నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. రాసేవారికి మాత్రం డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో ఇంతగా తలనొప్పి తెచ్చిపెట్టే కంట్రోల్ మరొకటి లేదు. మెమరీలోనో డేటాబేస్‌లోనో ఉన్న చెట్టుకూ తెర మీది వరుసలకూ లంకె, అంటే బైండింగ్, ఎవరు వేయాలి, మార్పు వచ్చినప్పుడు ఎవరు ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలకు ఒక్కో ఫ్రేమ్‌వర్క్ ఒక్కో కాలంలో ఒక్కో జవాబిచ్చింది. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, పైకి వినిపించే తగవు ఒకటి, లోపలున్న ముడి మరొకటి అని తెలుస్తుంది.

సమస్య స్వరూపం

సికింద్రాబాద్ లాలాగూడలోని రైల్వే క్యారేజ్ వర్క్‌షాప్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే నెలకొల్పిన ఈ కార్ఖానాలో ప్రయాణికుల కోచ్‌లకు గడువు ప్రకారం ఓవర్‌హాలింగ్ జరుగుతుంది. ఒక ఎల్‌హెచ్‌బీ కోచ్‌ను రెండు బోగీలు మోస్తాయి. ఒక్కో బోగీకి రెండు చక్రాల సెట్లు. ఒక్కో సెట్టుకు రెండు చక్రాలు, రెండు బ్రేక్ డిస్కులు, ఇరుసు కొసలకు రెండు బేరింగులు. కోచ్ నుంచి బేరింగ్ దాకా దిగితే నాలుగు అంచెలు. బేరింగులే లెక్కపెడితే కోచ్‌కు ఎనిమిది. ఇలాంటి కోచ్‌ల విడిభాగాలను చూపించే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకుంటే, అవుట్‌లైన్ వ్యూ ఎదుర్కొనే చిక్కులన్నీ దానిలోనే ఎదురవుతాయి. ప్రోగ్రామ్ ఊహించుకున్నది, కోచ్ నిర్మాణం మాత్రం ఉన్నదే.

ఆ ప్రోగ్రామ్ చేయవలసిన పనులు నాలుగు రకాలు. విప్పమన్నప్పుడు కిందివాటిని తేవాలి. బేరింగ్ తనిఖీ తేదీ మారితే ఆ ఒక్క వరుసనే మార్చాలి. చక్రాల సెట్టును ఒక కోచ్ నుంచి తీసి మరో కోచ్‌కు వేస్తే తెర మీద కూడా అది అలాగే జరగాలి. ఇవన్నీ జరుగుతున్నంతసేపూ వాడేవారు ఏ వరుసను ఎంచుకున్నారో, ఏయే కొమ్మలను విప్పి ఉంచారో చెదరకూడదు. మొదటి రెండూ ఏ పద్ధతిలోనైనా సులువే. చర్చంతా చివరి రెండింటి దగ్గరే చిక్కుపడింది.

చర్చ పుట్టుక

అంచెల డేటాకూ విడిభాగాలకూ పొత్తు పాతది. ఐబీఎం 1966లో రాక్‌వెల్, క్యాటర్‌పిల్లర్ సంస్థలతో కలిసి ఐఎంఎస్ అనే డేటాబేస్ పని మొదలుపెట్టింది. అపోలో చంద్రయాత్రకు కావలసిన లక్షలాది విడిభాగాల జాబితాను నడపడం దాని తొలి ఉద్దేశం. డేటా అందులో చెట్టుగానే ఉండేది, పై నుంచి కిందికి దిగుతూ చదవాలి. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి చెట్టును పక్కకు నెట్టి పట్టికలను ముందుకు తెచ్చింది. అప్పటినుంచి చాలా ప్రోగ్రాముల్లో డేటా పడుకునేది పట్టికల్లో, తెర మీద లేచేది చెట్టుగా. ఈ రెంటి మధ్య దూరమే బైండింగ్ అనే పనికి చోటిచ్చింది.

తెర వైపు చరిత్ర 1979లో మొదలవుతుంది. జిరాక్స్ పార్క్‌లో స్మాల్‌టాక్ మీద పనిచేస్తూ ట్రిగ్వే రీన్‌స్కాగ్ మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే విభజనను రాసిపెట్టాడు. మోడల్‌కు వ్యూ ఎవరో తెలియనక్కర్లేదు. మార్పు వచ్చిందని చాటితే చాలు, చూసుకునేవారు చూసుకుంటారు. తర్వాత వచ్చిన ప్రతి బైండింగ్ పద్ధతిలోనూ ఈ ఆలోచన ఏదో రూపంలో ఉంది.

కానీ ఎక్కువమంది ప్రోగ్రామర్లకు చెట్టు కంట్రోల్ పరిచయమైంది విండోస్ 95తో. అందులోని ట్రీవ్యూ ఈ విభజనను పెద్దగా పట్టించుకోలేదు. ప్రోగ్రామ్ తన డేటాను చదివి ఒక్కో నోడ్‌నూ కంట్రోల్‌లోకి ఎక్కించాలి. దీన్ని నింపే పద్ధతి అనవచ్చు. ఇందులో చెట్టు రెండు కాపీలుగా ఉంటుంది: ప్రోగ్రామ్ దగ్గర ఒకటి, కంట్రోల్ దగ్గర ఒకటి. డేటా మారినప్పుడల్లా రెండో కాపీని ప్రోగ్రామరే సరిదిద్దాలి. ఎక్కడో ఒకచోట సరిదిద్దడం మరిచిపోవడం, తెర ఒకటి చెబుతుంటే డేటాబేస్ ఇంకొకటి చెప్పడం ఆ కాలపు ప్రోగ్రాముల్లో మామూలు రోగం. చిన్న, మారని చెట్లకు నింపే పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. తర్వాతి రెండు వర్గాలూ మాత్రం ఈ రెండో కాపీని వదిలించుకోవడానికే పుట్టాయి.

మొదటి వర్గం: వ్యూ అడుగుతుంది, ప్రోగ్రామ్ చెబుతుంది

ఈ పద్ధతిలో వ్యూ దగ్గర డేటా ఉండదు. కావలసినప్పుడు ప్రశ్నలడుగుతుంది. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో వచ్చిన ఎన్‌ఎస్‌అవుట్‌లైన్‌వ్యూ తన డేటా సోర్స్‌ను అడిగేవి ముఖ్యంగా నాలుగు: ఈ అంశానికి పిల్లలెందరు, ఫలానా స్థానంలోని పిల్ల ఏది, దీన్ని విప్పవచ్చా, ఈ గడిలో ఏమి రాయాలి. జావా స్వింగ్‌లోని జేట్రీ కూడా దాదాపు ఇవే అడుగుతుంది. 2005లో వచ్చిన క్యూట్ 4 లోని క్యూఆబ్‌స్ట్రాక్ట్‌ఐటమ్‌మోడల్ వీటికి ఒక కష్టమైన ప్రశ్న కలిపింది: దీని పేరెంట్ ఎవరు? కిందికి దిగడం తెలిసిన డేటాకు పైకి ఎక్కడం కూడా తెలిసి ఉండాలన్న ఈ షరతు దగ్గరే క్యూట్‌కు కొత్తవారు తడబడతారు. ఇండెక్స్, పేరెంట్ అనే రెండు ఫంక్షన్లు ఒకదానికొకటి పొసగకపోతే తెర మీద వరుసలు మాయమవుతాయి, లేదా ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఇలాంటి తప్పులను పట్టడానికి క్యూట్ సంస్థ 2018లో 5.11 వెర్షన్‌తో ఒక మోడల్ టెస్టర్‌ను అధికారికంగా చేర్చవలసి వచ్చిందంటే ఆ ఒప్పందం ఎంత సున్నితమైనదో అర్థమవుతుంది.

ఈ వర్గం బలం బద్ధకంలో ఉంది. మూసి ఉన్న కొమ్మ గురించి ఎన్‌ఎస్‌అవుట్‌లైన్‌వ్యూ ‘విప్పవచ్చా’ అని మాత్రమే అడుగుతుంది. పిల్లల లెక్క విప్పినప్పుడే. వేల కోచ్‌ల జాబితా చూపిస్తున్నా బేరింగుల రికార్డులను ముట్టుకోనక్కర్లేదు. క్యూట్‌లో క్యాన్‌ఫెచ్‌మోర్, ఫెచ్‌మోర్ అనే జంట ఫంక్షన్లు ఇదే పని చేస్తాయి. బలహీనత ఏమిటంటే, మార్పును చాటే బరువంతా ప్రోగ్రామర్ మీదే. డేటా మారగానే ఏ పేరెంట్ కింద ఏ స్థానంలో వరుస చేరిందో, తీసేశారో వ్యూకు చెప్పాలి. క్యూట్ ఇక్కడ కట్టుదిట్టంగా ఉంటుంది: మార్పుకు ముందు ఒక కబురు, మార్పు అయ్యాక మరో కబురు. ఆ రెంటి మధ్యే డేటాను ముట్టుకోవాలి. నేర్చుకునేటప్పుడు విసుగు పుట్టించే ఈ పద్ధతే పెద్ద ప్రోగ్రాముల్లో ప్రాణం కాపాడుతుంది.

రెండో వర్గం: ఒకసారి కట్టి వదిలేయడం

నెక్స్ట్ సంస్థ 1994లో తెచ్చిన ఎంటర్‌ప్రైజ్ ఆబ్జెక్ట్స్ ఫ్రేమ్‌వర్క్‌లో డేటాబేస్ వస్తువులను తెర మీది గడులకు నేరుగా తగిలించే ఏర్పాటు ఉండేది. ఆ వారసత్వంలోనే యాపిల్ 2003 అక్టోబర్‌లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.3తో కోకో బైండింగ్స్ తెచ్చింది. మామూలు పట్టికలకు ఎన్‌ఎస్‌అరేకంట్రోలర్ అప్పుడే వచ్చింది. చెట్టు కోసం ఎన్‌ఎస్‌ట్రీకంట్రోలర్ రావడానికి 2005 ఏప్రిల్ దాకా, 10.4 దాకా ఆగాల్సి వచ్చింది.

దీని మాట చాలా ఆకర్షణీయమైనది. పిల్లలు ఏ ప్రాపర్టీలో ఉన్నారో, వారి లెక్క ఎక్కడుందో, ఆకు నోడ్‌ను గుర్తుపట్టడం ఎలాగో మూడు కీ పాత్‌లుగా చెబితే చాలు. మిగతాదంతా కంట్రోలర్ చూసుకుంటుంది. డేటా వస్తువుల్లో మార్పును కీ వాల్యూ అబ్జర్వింగ్ పసిగడుతుంది, వ్యూ దానంతట అదే మారుతుంది. తనిఖీ తేదీలాంటి మార్పులకు ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు.

చిక్కులు వాడకంలో బయటపడ్డాయి. పిల్లల జాబితాను నేరుగా మార్చేస్తే అబ్జర్వింగ్‌కు ఆ విషయం తెలియదు. నియమం ప్రకారం రాసిన యాక్సెసర్ల ద్వారానో, అందుకోసమే ఉన్న ప్రాక్సీ జాబితా ద్వారానో మార్చాలి. స్విఫ్ట్ భాష వచ్చాక ప్రతి ప్రాపర్టీనీ ఆబ్జెక్టివ్ సీకి కనిపించేలా, డైనమిక్‌గా ప్రకటించకపోతే బైండింగ్ చప్పుడు చేయకుండా చచ్చుబడిపోతుంది. యాపిల్ డేటా నిల్వ ఫ్రేమ్‌వర్క్ అయిన కోర్ డేటాతో వాడేటప్పుడు ‘పేరెంట్ లేనివి మాత్రమే’ అన్న షరతు పెట్టకపోతే కంట్రోలర్ అన్ని వస్తువులనూ పై అంచెలోకి తెస్తుంది. అప్పుడు చక్రాల సెట్టు కోచ్ కిందా కనిపిస్తుంది, కోచ్ పక్కనా కనిపిస్తుంది. డ్రాగ్ అండ్ డ్రాప్‌కు బైండింగ్ సాయపడదు, డేటా సోర్స్ ఫంక్షన్లు ఎలాగూ రాయాలి. విప్పిన కొమ్మలను గుర్తుంచుకుని మళ్లీ తెరిచినప్పుడు చూపించాలన్నా అంతే. పూర్తిగా వదిలేయవచ్చన్న మాట సగమే నిజమైంది.

మైక్రోసాఫ్ట్ 2006 నవంబర్‌లో డాట్‌నెట్ 3.0తో ఇచ్చిన డబ్ల్యూపీఎఫ్ ఇదే ఆలోచనను మరో దారిలో నడిపింది. హైరార్కికల్‌డేటాటెంప్లేట్ అనే అచ్చులో ఒక రకం వస్తువు ఎలా కనిపించాలో, దాని పిల్లలు ఎక్కడున్నారో ప్రకటిస్తారు. కోచ్‌కు ఒక అచ్చు, బోగీకి ఒకటి, బేరింగ్‌కు ఒకటి. అంచెకో రకం వస్తువు ఉండే చెట్లకు ఇంత హాయైన ఏర్పాటు మరోచోట దొరకడం కష్టం. కోకో కీ పాత్‌లు అన్ని అంచెల్లోనూ ఒకే పేరున్న ప్రాపర్టీని కోరుతాయి. అయితే డబ్ల్యూపీఎఫ్‌కూ ఒక వింత లోపం ఉంది. ట్రీవ్యూలో ఎంపికైన అంశాన్ని చదవవచ్చు గానీ బైండింగ్ ద్వారా మార్చలేరు. దాన్ని దాటడానికి అలవాటైన దారి, ప్రతి డేటా వస్తువుకూ ఒక వ్యూమోడల్ తొడుగు వేసి ‘ఎంచుకున్నారా’, ‘విప్పారా’ అన్న రెండు స్థితులను ఆ తొడుగులో ఉంచడం. ఈ తొడుగు తర్వాతి విషయానికి కీలకం.

అసలు ముడి: నోడ్ అంటే ఏది?

చర్చ ఎక్కువగా కోడ్ ఎంత తగ్గుతుంది, ఎంత పెరుగుతుంది అన్న లెక్క మీద సాగింది. ఆ లెక్క ముఖ్యమే గానీ, ప్రోగ్రాములు దెబ్బతిన్నది మరోచోట. తెర మీది వరుస దేన్ని సూచిస్తోంది: వస్తువునా, ఆ వస్తువు ఉన్న చోటునా?

చెట్టులో ప్రతి వస్తువూ ఒక్కచోటే ఉంటే ఈ ప్రశ్న తలెత్తదు. విడిభాగాల లెక్కలో తప్పక తలెత్తుతుంది. ఒకే నమూనా బేరింగ్ అన్ని చక్రాల సెట్ల కిందా వస్తుంది. నమూనాను ఒకే వస్తువుగా మెమరీలో ఉంచి ప్రతి సెట్టు కిందా దాన్నే చూపిస్తే అది ఇక చెట్టు కాదు, కొమ్మలు మళ్లీ కలిసే గ్రాఫ్. యాపిల్ దస్తావేజులు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: అవుట్‌లైన్ వ్యూలో ప్రతి అంశమూ ప్రత్యేకమై ఉండాలి, విప్పిన స్థితి నిలవాలంటే రీలోడ్‌ల మధ్య ఆ అంశపు పాయింటర్ మారకూడదు. అంటే ఎన్‌ఎస్‌అవుట్‌లైన్‌వ్యూ వస్తువునే గుర్తుగా పట్టుకుంటుంది. డేటా సోర్స్ నుంచి ఒకే బేరింగ్ వస్తువును రెండు చోట్ల ఇస్తే ఏ వరుస దేనిదో వ్యూకు తెలియదు. అడిగిన ప్రతిసారీ పిల్లలను కొత్త వస్తువులుగా తయారుచేసి ఇస్తే ఇంకో ప్రమాదం: రీలోడ్ కాగానే విప్పిన కొమ్మలన్నీ ముడుచుకుపోతాయి.

ఇతరుల జవాబులు వేరు. జేట్రీ వేరు నుంచి నోడ్ దాకా ఉన్న దారిని, ట్రీపాత్‌ను, గుర్తుగా తీసుకుంటుంది. కాబట్టి ఒకే వస్తువు ఇద్దరు పేరెంట్ల కింద ఉన్నా తికమక లేదు. క్యూట్‌లో వరుస, కాలమ్, ఒక అంతర్గత పాయింటర్ కలిసి ఇండెక్స్ అవుతాయి. పేరెంట్ ఎవరని అడిగినప్పుడు ఆ పాయింటర్ నుంచే జవాబు రావాలి గనుక, చోటుకొక నోడ్ తప్పదు. డబ్ల్యూపీఎఫ్‌లో ప్రతి అంచెకూ సొంత కంటైనర్లు పుడతాయి, వస్తువు ఒకటే అయినా వరుసలు వేరుగా ఉంటాయి.

ఇక్కడే ఎన్‌ఎస్‌ట్రీకంట్రోలర్ కథ ఆసక్తికరంగా మలుపు తిరుగుతుంది. బైండింగ్ ద్వారా వచ్చినప్పుడు అవుట్‌లైన్ వ్యూ చేతిలో పడేది డేటా వస్తువు కాదు, దాని చుట్టూ వేసిన తొడుగు. 10.4లో ఈ తొడుగు బయటివారు వాడకూడని రహస్య క్లాసు. డెలిగేట్‌లో డేటా వస్తువు వస్తుందని ఎదురుచూసిన ప్రోగ్రామర్లకు ముక్కూమొహం తెలియని ప్రాక్సీ ఎదురైంది. బైండింగ్ మీద అప్పట్లో ఏర్పడిన అపనమ్మకానికి ఇదొక పెద్ద కారణం. 2007 అక్టోబర్‌లో 10.5తో యాపిల్ ఆ తొడుగుకు ఎన్‌ఎస్‌ట్రీనోడ్ అని పేరు పెట్టి బహిరంగం చేసింది. దానికి ఇండెక్స్ పాత్ ఉంది, పేరెంట్ నోడ్ ఉంది, లోపల ఏ డేటా వస్తువు ఉందో చెప్పే ప్రాపర్టీ ఉంది. అంటే అది చోటును సూచిస్తుంది. డేటా సోర్స్ వర్గంవారు దీన్ని వాడుకోవడానికి కూడా అడ్డేమీ లేదు. బైండింగ్ జోలికి పోకుండా ఎన్‌ఎస్‌ట్రీనోడ్‌లతోనే సొంత చెట్టు కట్టుకోవచ్చు.

ట్రీపాత్, డబ్ల్యూపీఎఫ్ వ్యూమోడల్, ఎన్‌ఎస్‌ట్రీనోడ్ మూడింటినీ కలిపి చూస్తే, వేర్వేరు వర్గాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే తీరు చేరాయి: వస్తువు వేరు, వస్తువు కనిపించే చోటు వేరు. విప్పడం, ఎంచుకోవడం చోటుకు సంబంధించినవి. తేదీ, సీరియల్ నంబరు వస్తువుకు సంబంధించినవి. ఈ విభజన చేసుకున్న ప్రోగ్రామ్‌లో బైండింగ్ వాడినా డేటా సోర్స్ వాడినా పని నడుస్తుంది. చేసుకోని ప్రోగ్రామ్‌లో రెండూ ఏదో ఒకనాడు ఎదురు తిరుగుతాయి.

చక్రాల సెట్టు కోచ్ మారినప్పుడు

ఓవర్‌హాలింగ్‌లో విప్పిన చక్రాల సెట్టు మళ్లీ అదే కోచ్‌కు వెళ్లాలనేమీ లేదు. తెర మీద ఆ సెట్టును ఒక బోగీ నుంచి లాగి మరో కోచ్‌లోని బోగీ మీద వదిలారనుకుందాం. సెట్టు విప్పి ఉంది, దాని కింద ఎడమ బేరింగ్ ఎంపికై ఉంది.

మామూలు బైండింగ్‌లో ఇది రెండు వేర్వేరు మార్పులుగా జరుగుతుంది. మొదట పాత బోగీ పిల్లల జాబితా నుంచి సెట్టు తొలగుతుంది. అబ్జర్వింగ్ ఆ కబురును కంట్రోలర్‌కు చేరవేస్తుంది, సెట్టుకూ దాని పిల్లలకూ ఉన్న ఎన్‌ఎస్‌ట్రీనోడ్‌లు పోతాయి, వాటితోపాటు ఎంపికా పోతుంది. తర్వాత కొత్త బోగీ జాబితాలో సెట్టు చేరుతుంది, కొత్త తొడుగులు పుడతాయి, సెట్టు ముడుచుకున్న వరుసగా కనిపిస్తుంది. డేటా సరిగ్గానే ఉంది. వాడేవారికి మాత్రం తాము పట్టుకున్న వస్తువు చేజారి ఎక్కడో పడ్డట్టు ఉంటుంది. ఆ రెండు మార్పుల నడుమ, లిప్తపాటైనా, సెట్టు ఏ కోచ్‌కూ చెందదు. సరిగ్గా అప్పుడే మరో అబ్జర్వర్ మొత్తం బేరింగులను లెక్కపెడితే రెండు తక్కువ వస్తాయి.

‘జరపడం’ అనేది ‘తీసి పెట్టడం’ కాదని ఫ్రేమ్‌వర్కులు కాస్త ఆలస్యంగా ఒప్పుకున్నాయి. యాపిల్ 10.5లో ట్రీకంట్రోలర్‌కు నోడ్‌ను జరిపే ఫంక్షన్ ఇచ్చింది; 2011లో 10.7తో అవుట్‌లైన్ వ్యూకే పేరెంట్ల మధ్య అంశాన్ని జరిపే ఫంక్షన్ వచ్చింది. క్యూట్‌లో వరుసలను జరిపే కబుర్ల జంట 4.6 వెర్షన్‌తో 2009లో చేరింది. డబ్ల్యూపీఎఫ్‌లో అబ్జర్వబుల్‌కలెక్షన్‌కు ‘మూవ్’ ఉంది గానీ అది ఒకే జాబితా లోపల మాత్రమే. ఒక పేరెంట్ నుంచి ఇంకో పేరెంట్‌కు జరపాలంటే తీసి పెట్టడమే, స్థితిని వ్యూమోడల్ తొడుగు మోసుకుపోవాలి. ఈ ఒక్క పరీక్షలో డేటా సోర్స్ వర్గానిదే స్పష్టంగా పైచేయి: మార్పు అర్థం ప్రోగ్రామ్‌కు తెలుసు, ఆ అర్థాన్ని అది వ్యూకు యథాతథంగా చెప్పగలదు. బైండింగ్‌కు చేరేది మార్పు ఫలితమే, ఉద్దేశం కాదు.

డేటాబేస్ వైపు

పట్టికలో చెట్టును దాచే తీరులు నాలుగు బాగా తెలిసినవి: ప్రతి వరుసలో పేరెంట్ నంబరు రాయడం, ఎడమ, కుడి అంకెలతో కొమ్మను చుట్టే నెస్టెడ్ సెట్, పూర్తి దారిని రాసిపెట్టే పాత్, పూర్వీకుల జంటలన్నీ వేరే పట్టికలో దాచే క్లోజర్. బద్ధకంగా విప్పుకునే అవుట్‌లైన్ వ్యూకు మొదటిదే తగినది, ఎందుకంటే వ్యూ అడిగేది ఎప్పుడూ ఒక పేరెంట్ పిల్లలనే. నెస్టెడ్ సెట్ మొత్తం కొమ్మను ఒక్క ప్రశ్నతో తెస్తుంది గానీ చక్రాల సెట్టును జరిపితే బోలెడు వరుసలకు అంకెలు మార్చాలి. పేరెంట్ నంబరు పద్ధతికి ఉన్న పాత లోపం, లోతుకు వెళ్లాలంటే పదేపదే అడగాల్సి రావడం. ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంలో రికర్సివ్ క్వెరీలు చేరడంతో, డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్‌కు 2014లో 3.8.3 వెర్షన్‌తో అవి రావడంతో ఆ లోపం చాలామటుకు తీరింది.

వరుసక్రమం మాత్రం చాలాకాలం వేధించింది. కోర్ డేటాలో ఒకటికి చాలా సంబంధం క్రమం లేని సెట్. ముందు బోగీ, వెనక బోగీ అన్న తేడా నిలవాలంటే ఒక క్రమసంఖ్యను విడిగా దాచి, దాని ప్రకారం కంట్రోలర్‌తో వరుస పెట్టించాలి. 2011లో క్రమం ఉన్న సంబంధాలు వచ్చినా పాత అలవాటు పోలేదు.

ప్రకటన తరం

2020లో రెండు వైపుల నుంచి కొత్త గాలి వచ్చింది. యాపిల్ స్విఫ్ట్‌యూఐలో అవుట్‌లైన్‌గ్రూప్ ప్రవేశపెట్టింది. కంట్రోలర్ లేదు, డేటా సోర్స్ లేదు. డేటా ఇదీ, పిల్లలున్న ప్రాపర్టీ ఇదీ అని ఒక్క వాక్యంలో చెబితే తెర తయారవుతుంది. డేటా మారితే పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ పోల్చి తేడాను ఫ్రేమ్‌వర్కే కనిపెడుతుంది. పోల్చడానికి ప్రతి వస్తువుకూ ఒక ఐడీ ఉండి తీరాలన్న నియమం పెట్టడంతో, గుర్తింపు ప్రశ్న దస్తావేజుల్లోంచి టైప్ సిస్టమ్‌లోకి వచ్చింది. ఇది మంచి ముందడుగు. అయితే ఐడీ వస్తువుకా చోటుకా అన్నది ప్రోగ్రామరే తేల్చుకోవాలి. ఒకే ఐడీ రెండు చోట్ల వస్తే పాత తికమకే. పిల్లల ప్రాపర్టీ ఖాళీ జాబితా అయితే విప్పే త్రికోణం వస్తుంది, అసలు విలువే లేకపోతే ఆకు నోడ్ అవుతుంది. ఈ సన్నని తేడా తెలియక తప్పులు చేయడం సులభం. కొమ్మలను కోడ్ నుంచి విప్పాలంటే అవుట్‌లైన్‌గ్రూప్ చాలదు, డిస్‌క్లోజర్‌గ్రూప్‌లతో చేతితో అల్లుకోవాలి.

అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన జీటీకే 4 చెట్టునే వదిలేసింది. జీటీకే‌ట్రీలిస్ట్‌మోడల్ చెట్టును పొడవాటి చదును జాబితాగా మార్చి మామూలు లిస్ట్ వ్యూకు అందిస్తుంది. లోతు, విప్పిన స్థితి ప్రతి వరుసకూ ఉన్న ట్రీలిస్ట్‌రో తొడుగులో ఉంటాయి. 2002 నుంచి సేవ చేసిన జీటీకే‌ట్రీవ్యూను 2023లో 4.10తో వాడుకలోంచి తప్పిస్తున్నట్టు ప్రకటించారు. తెర మీద గీసేది ఎలాగూ వరుసలే గనుక చెట్టును వ్యూ దాకా మోసుకుపోవడం అనవసరమన్నది ఈ దారి తర్కం. ఇక్కడా చివరికి మిగిలింది చోటుకొక తొడుగే.

పోలిక

నింపే పద్ధతికి నేర్చుకోవలసింది తక్కువ, పొరపాట్లు కాలంతోపాటు పెరుగుతాయి. డేటా సోర్స్‌కు కోడ్ ఎక్కువ, కానీ బద్ధకం, జరపడం, డ్రాగ్ అండ్ డ్రాప్ అన్నీ దానికి సహజం. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు. బైండింగ్‌లో గడి మార్పులు ఉచితంగా వస్తాయి, తప్పులు మాత్రం నిశ్శబ్దంగా ఉంటాయి. ఆకును గుర్తుపట్టే కీ పాత్ ఇవ్వకపోతే కంట్రోలర్ ప్రతి వరుస పిల్లలనూ తట్టి చూస్తుంది, బద్ధకమూ పోతుంది. ప్రకటన పద్ధతికి కోడ్ అన్నిటికన్నా తక్కువ. విప్పే స్థితి మీద పట్టు కూడా తక్కువ.

దీన్నిబట్టి, అంచెలు కొన్నే ఉండి, వరుసలు వందల్లో ఉండి, మార్పులు ఎక్కువగా గడుల్లోనే జరిగే ప్రోగ్రాముకు బైండింగ్ గానీ ప్రకటన గానీ సరైన ఎంపిక. నోడ్లు పేరెంట్లను మార్చుకునే చోట, ఒకే వస్తువు చాలా చోట్ల వచ్చే చోట, డేటా వేల వరుసలు దాటే చోట డేటా సోర్స్‌కే మొగ్గు చూపాలి. గడుల వరకు బైండింగ్, చెట్టు నిర్మాణానికి డేటా సోర్స్ అన్న మిశ్రమం కూడా 10.7లో వ్యూ ఆధారిత గడులు వచ్చాక మ్యాక్‌లో తేలికైంది. ఆ మిశ్రమానికి దక్కవలసినంత ప్రచారం దక్కలేదు.

ఇంకా తేలనివి

మొదటిది వెతుకులాట. ఒక సీరియల్ నంబరుతో బేరింగ్‌ను వెతికితే దాని పూర్వీకులు కూడా కనిపించాలి, దొరకనివి దాగాలి, వెతుకులాట తీసేయగానే పాత విప్పిన స్థితి తిరిగి రావాలి. బద్ధకంగా లోడ్ చేసే చెట్టులో ఇంకా తేని కొమ్మల్లో వెతకడం వ్యూ పనా, డేటాబేస్ పనా? క్యూట్ 5.10 నుంచి ఫిల్టర్ మోడల్‌లో పిల్లలు సరిపోతే పేరెంట్‌ను నిలిపే వీలుంది, కానీ అది లోడైన నోడ్ల వరకే. మిగతా చోట్ల ప్రోగ్రామర్లు ఎవరికి వారే రాసుకుంటున్నారు.

రెండోది కాలం: పేరెంట్లే తేదీతోపాటు మారిపోయే చెట్లు. రైల్వే జోన్లనే చూడండి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. అంతకుముందు సికింద్రాబాద్, సోలాపూర్ డివిజన్లు సెంట్రల్ రైల్వే కింద, విజయవాడ, హుబ్లీ డివిజన్లు దక్షిణ రైల్వే కింద ఉండేవి. 1977లో సోలాపూర్ తిరిగి సెంట్రల్‌కు పోయింది, గుంతకల్లు దక్షిణ రైల్వే నుంచి వచ్చింది. 2003లో హుబ్లీ నైరుతి రైల్వేకు మారింది. 2019 ఫిబ్రవరి 27న ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్ కిందికి విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లను చేర్చాలని నిర్ణయించారు. జోన్, డివిజన్, స్టేషన్ అన్న అంచెలను చూపే అవుట్‌లైన్ వ్యూకు పేరెంట్ అంటే ఏ తేదీనాటి పేరెంట్? డేటాబేస్ వైపు ప్రతి సంబంధానికీ మొదలు, ముగింపు తేదీలు రాసి దీన్ని దాచవచ్చు. తెర వైపు, పైన చెప్పుకున్న ఫ్రేమ్‌వర్కుల్లో దేని బైండింగ్‌లోనూ తేదీకి చోటు లేదు. వాడేవారు తేదీ మార్చగానే చెట్టంతా కొత్తది అవుతుంది. రెండు తేదీల చెట్లలోనూ ఉన్న డివిజన్లను ఒకటిగా గుర్తించి, విప్పిన స్థితిని నిలిపి, మారిన వాటినే జరిపి చూపించడం ఇప్పటికీ చేతిరాత పనే. వస్తువు ఐడీనీ చోటు ఐడీనీ విడదీసుకున్న ప్రోగ్రాముల్లో ఆ పని సాధ్యమవుతోంది. వస్తువు ఐడీ డివిజన్‌ను గుర్తుపడుతుంది, చోటు ఐడీలో జోన్ కూడా కలుస్తుంది కాబట్టి ఏది జరిగిందో, ఏది అక్కడే ఉందో పోలికలో తేలుతుంది. దీన్ని బైండింగ్‌లో భాగంగా ఇచ్చే డెస్క్‌టాప్ ఫ్రేమ్‌వర్క్ రావలసే ఉంది.